కారులో తెరకు కరెంటు ఎక్కడి నుంచి?

సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి సెలవులు, పెళ్లిళ్లు, తిరుపతి ప్రయాణాలు వచ్చాయంటే వెనుక సీటులో కూర్చునే పిల్లల కోసం చిన్న తెరలు కొనడం మన ఇళ్లలో మామూలైపోయింది. తెర ఎన్ని అంగుళాలుండాలి, బొమ్మ ఎంత స్పష్టంగా రావాలి అని దుకాణంలో అరగంట బేరమాడే మనం, దానికి కారులో కరెంటు ఎలా అందుతుందన్న సంగతిని మాత్రం కౌంటరు మీద కనిపించిన ఏదో ఒక ఛార్జరును చేతిలోకి తీసుకుని క్షణంలో తేల్చేస్తున్నాము. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన నేను కూడా ఆ పనే చేశానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

గత వేసవిలో గుంటూరు నుంచి తిరుపతికి బయలుదేరుతూ మనవడి కోసం 10 అంగుళాల తెర ఒకటి, దానితో పాటు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఛార్జరు, ముందు నుంచి వెనుక సీటు దాకా అందేలా రెండు మీటర్ల తీగ కొన్నాను. చిలకలూరిపేట దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఎండెక్కి బొమ్మ సరిగా కనబడక తెర వెలుగు పెంచగానే అది ఆరిపోయింది. మళ్లీ వేస్తే కంపెనీ గుర్తు కనిపించి మళ్లీ ఆరింది. ఒంగోలు చేరేసరికి పిల్లవాడు తెర సంగతి మానేసి కిటికీలోంచి లారీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తిరిగి వచ్చాక దుకాణానికి పట్టుకెళితే, వారు గోడకున్న ఛార్జరుకు తమ దగ్గరున్న పొట్టి తీగతో తగిలించి గంటసేపు చక్కగా నడిపి చూపించారు. అయినా మర్యాదకు రెండుసార్లు తెర మార్చి ఇచ్చారు. మూడో తెర కూడా కారులో ఆరిపోయినప్పుడు గాని మల్టీమీటరు తీయాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఛార్జరు నోటి దగ్గర తెరకు కావలసిన 5 వోల్టులు దాదాపుగా ఉన్నాయి. వెలుగు పెంచి తీగ చివర కొలిస్తే 4 వోల్టులు కూడా లేవు.

ఇందులో వింతేమీ లేదు. చవక తీగల్లో సాధారణంగా కనిపించే 28 గేజ్ (గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓముల నిరోధం ఉంటుంది. రెండు మీటర్ల తీగలో కరెంటు వెళ్లి తిరిగి రావాలి కనుక మొత్తం పొడవు నాలుగు మీటర్లు, నిరోధం దాదాపు 0.85 ఓములు. తెర 1 ఆంపియరు లాగితే 0.85 వోల్టు, 2 ఆంపియర్లు లాగితే 1.7 వోల్టులు ఆ తీగలోనే ఖర్చయిపోతాయి. అదే 20 గేజ్ తీగ అయితే 2 ఆంపియర్ల దగ్గర కూడా పోయేది 0.27 వోల్టు మాత్రమే. సాయంత్రం పూట, వెలుగు తగ్గించిన తెర నడిచి, మధ్యాహ్నం ఎండలో అదే తెర మొరాయించడానికి కారణం ఇదే. కనుక తీగ వీలైనంత పొట్టిగా, లావుగా ఉండాలి. వెనుక సీటు దగ్గరే సాకెట్ ఉన్న కారైతే పొడవు తీగ అవసరమే పడదు.

ఇక ఛార్జరు మీద ముద్రించే అంకెల మాట. "3.1 ఆంప్స్" అని పెద్ద అక్షరాలతో ఉన్న ఛార్జరును విప్పితే లోపల, కారు 12 వోల్టులను 5 వోల్టులుగా మార్చేందుకు పెట్టిన ఎంసీ34063 అనే పాత చిప్పు కనిపించిన సందర్భాలు నాకు తెలుసు. ఆ చిప్పులోని స్విచ్చి గరిష్ఠంగా, అదీ క్షణకాలం, 1.5 ఆంపియర్లకు మించి మోయలేదు. బయట మరో ట్రాన్సిస్టరు తోడు లేనప్పుడు 3.1 ఎక్కడి నుంచి వస్తుందో తయారుదారుకే తెలియాలి. పైగా ఆ అంకె రెండు రంధ్రాలకూ కలిపి చెప్పినదా, ఒక్కొక్కదానికా అన్నది చాలా డబ్బాల మీద ఉండదు. కొన్ని కార్లలో పాటల పెన్‌డ్రైవు కోసం ఇచ్చిన యూఎస్‌బీ రంధ్రం అర ఆంపియరు, అంటే 2.5 వాట్లు మాత్రమే ఇస్తుంది. పూర్తి వెలుగులో 10 వాట్లు కోరే తెరను దానికి తగిలించి, తెరను తిట్టి లాభం లేదు.

టైప్-సీ రంధ్రమున్న తెర, పవర్ డెలివరీ పద్ధతిని పాటించే ఛార్జరు దొరికితే నేను దానికే ఓటు వేస్తాను. తెర కోరినప్పుడు ఛార్జరు 5 వోల్టులకు బదులు 9 వోల్టులు ఇస్తుంది కనుక అవే 10 వాట్లకు 1.1 ఆంపియర్లు సరిపోతాయి, తీగలో నష్టమూ తగ్గుతుంది. అయితే రెండు కొసలా టైప్-సీ ఉన్న తీగే వాడాలి, తెర కూడా ఆ పద్ధతిని ఎరిగినదై ఉండాలి.

కారు కరెంటును 12 వోల్టులని అంటాము గాని అది నిలకడగా ఉండేది కాదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొట్టగానే క్షణంపాటు 10కో అంతకంటే కిందికో పడుతుంది. డైనమో అందుకున్నాక 14 దాటుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు తెర ఒకసారి ఆరి వెలిగితే కంగారు పడనక్కరలేదు. ప్రమాదకరమైనది, ఇంజను నడుస్తుండగా వదులైన బ్యాటరీ టెర్మినల్ ఊడటం. డైనమోలో రక్షణ లేకపోతే ఆ క్షణంలో లైనులో వచ్చే వోల్టేజీ ఉప్పెనకు, వాహనాల విద్యుత్ పరికరాల కోసం ఉన్న ఐఎస్ఓ 16750 అనే అంతర్జాతీయ ప్రమాణం రెండో భాగం పరీక్ష కోసం పెట్టిన విలువలు 12 వోల్టుల వాహనాలకు 79 నుంచి 101 వోల్టులు. 40 వోల్టులే ఓర్చుకోగల చిప్పు అప్పుడు షార్టయితే, 5 వోల్టుల తెరలోకి నేరుగా బ్యాటరీ వోల్టేజీ దిగుతుంది. అందుకే లోపల అధిక వోల్టేజీ రక్షణ ఉందని స్పష్టంగా రాసి, కొనలో మర మూత కింద విడిగా గాజు ఫ్యూజు ఉన్న ఛార్జరుకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. లారీ, బస్సు ఉన్నవారు మరింత జాగ్రత్తపడాలి. వారి బండ్లలో ఉండేది 24 వోల్టులు, నడుస్తుంటే 28. కొన్ని పాత తరహా తెరలతో వచ్చే కారు పిన్నులో ఫ్యూజు, తీగ తప్ప మరేమీ ఉండదు కనుక వాటిని లారీలో పెడితే తెర కాలిపోవడం ఖాయం.

ఇంజను ఆపి తాళం చెవి బయటికి తీసినా సాకెట్‌లో కరెంటు ఉంటుందా లేదా అన్నది కొన్న రోజే చూసుకోవాలి. ఉండే కారులో 10 వాట్ల తెరను మరిచిపోతే గంటకు సుమారు 0.8 ఆంపియర్ అవర్ పోతుంది. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు రోజుల్లో ఖాళీ అయి, మూడో రోజు పొద్దున్నే జంపర్ కేబుళ్ల కోసం పక్కింటివారి తలుపు తట్టవలసి వస్తుంది.

ఇన్వర్టరు పెట్టి 230 వోల్టులు చేసి, మళ్లీ దానికి గోడ అడాప్టరు తగిలించే పద్ధతి నాకు నచ్చదు. రెండుసార్లు మార్చడంలో కరెంటు వృథా. పవర్ బ్యాంకు మాత్రం మంచిదే, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు చూసి కొంటే. కానీ రెంటచింతల ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద దాన్ని వదిలి వెళ్లడం ప్రాణాంతకమైన అలవాటు. దాని లోపలుండే లిథియం బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు, మూసిన కారు లోపల అంతకు మించిన వేడి తేలిగ్గా పుడుతుంది.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. కారు రేడియోలో ఆకాశవాణి ఎఫ్ఎం పెట్టి, ఛార్జరును సాకెట్‌లో పెట్టి తెర వెలిగించండి. పాట మీద గరగర వస్తే ఆ ఛార్జరులో వడపోత సరిగా లేదన్నమాట, దాన్ని తిరిగి ఇచ్చేయవచ్చు.

అమ్మేవారిని నేను కోరేది పెద్దదేమీ కాదు. ఒక్కొక్క రంధ్రం ఎడతెగకుండా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో, తీగ ఎన్ని గేజ్‌లదో డబ్బా మీద ముద్రించాలి. తెరను గోడ ఛార్జరుకు కాక, కొనేవాడి కారులోనే, అతను వాడబోయే తీగతోనే, పూర్తి వెలుగు పెట్టి చూపించాలి. మీ పత్రికలో కొత్త వస్తువుల గురించి రాసేవారు కూడా తెర సైజుతో పాటు అది ఎన్ని వాట్లు లాగుతుందో ఒక మాట చేరిస్తే బాగుంటుంది.

లావుపాటి తీగ, ఫ్యూజున్న ఛార్జరు కొన్నాక మూడో తెర మా కారులో నిరాటంకంగా నడుస్తోంది. ఆ దుకాణదారుడి దగ్గరికి వెళ్లి, నేను తిరిగి ఇచ్చిన మొదటి రెండు తెరలూ మంచివేనని చెప్పి వచ్చాను.

ఇట్లు,
విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
గుంటూరు