బిల్ పికెట్ పటం కొన్నవాళ్లకు ఒక మనవి

నమస్కారమండీ. దసరా నుంచి డాలస్‌లోని మా షాపులో "బిల్ పికెట్" అని చీటీ అంటించి అమ్మిన నలుపు తెలుపు పటం ఆ పాతకాలపు నల్లజాతి కౌబాయ్‌ది కాదు. ఆయన తోడబుట్టిన బెన్‌ది. తప్పు నాదే.

పటం కట్టించుకోడానికి వచ్చిన ఒక నల్లజాతి పెద్దాయన పట్టుకున్నాడు. సొంతంగా గుర్రాలు పెంచే మనిషి. గోడ వంక చూసి "ఇతను బిల్ కాదు, బెన్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఫోన్ తీసి చూపించాను. "పోస్టాఫీసువాళ్లూ ఇలాగే పప్పులో కాలేశారులే" అని నవ్వాడు.

నిజమే. 1994లో అమెరికా తపాలా శాఖ 20 బిళ్లల కౌబాయ్ షీటు వేసి, బిల్ పేరు కింద బెన్ ముఖం అచ్చేసింది. షీట్లు వెనక్కి తెప్పించి, సరిచేసి మళ్లీ అచ్చేయాల్సి వచ్చింది. పాతవాటిలో 1,50,000 షీట్లను లాటరీ పెట్టి మరీ అమ్మారు. నా దగ్గర మిగిలిన ఆరు పటాలకి అంత గిరాకీ ఉండదు లెండి.

"కౌబాయ్‌ల్లో నల్లవాళ్లున్నారా?" అని మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు. నలుగురిలో ఒకరు నల్లవాళ్లేనని చరిత్రకారుల అంచనా. 1870లో ఇదే టెక్సస్‌లో పుట్టిన పికెట్, పరిగెత్తే ఎద్దు మీదకి గుర్రం మీంచి దూకి, కొమ్ములు మెలిపెట్టి, దాని పెదవి పళ్లతో పట్టి కింద పడేసేవాడు. అంతటివాడి ముఖమే మారిపోయింది.

ఇంకోటి. 1910లలో టెక్సస్‌లోని బోనమ్‌లో ఎర్విన్ స్మిత్ తీసిన నల్లజాతి రౌతుల ఫోటో, మా ప్రింటరు ముదురుగా కొట్టేసింది. టోపీ అంచు నీడలో ముఖాలన్నీ మసిముద్దలే. మళ్లీ స్కాన్ చేసి నీడలు తేలిక చేశాక కళ్లు కనిపిస్తున్నాయి. అందుకే ఆ ఆర్డర్లు రెండు వారాలు ఆలస్యం.

ఇక గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న అమ్మాయి పటం. 1915లో ఒరెగాన్‌లోని పెండిల్టన్ రోడియోలో, అంటే కౌబాయ్ విన్యాసాల పోటీల్లో, తీసింది. దాని కింద "సోమవారం పొద్దున ఆఫీసు" అని నేనే రాశాను. బాగా అమ్ముడైంది కూడా. ఆమె పేరు బానీ మెకారల్. 1929లో అదే మైదానంలో మళ్లీ గుర్రం ఎక్కింది. అప్పట్లో ఆడవాళ్లకి రికాబులు గుర్రం పొట్ట కింద కట్టేసేవారు. కాలు ఇరుక్కుని, గుర్రం ఈడ్చుకెళ్లింది. కొన్నాళ్లకే చనిపోయింది. తర్వాత పెండిల్టన్‌లో ఆడవాళ్లకి ఆ ఎగిరిపడే గుర్రం ఎక్కే పోటీయే తీసేశారు. నేను వేసింది జోకు. ఇకమీదట ఆ పటం కింద ఆమె పేరు, ఊరు, సంవత్సరం మాత్రమే ఉంటాయి.

బిల్ పటం కొన్నవాళ్లు వెనక్కి పంపండి, పోస్టు ఖర్చు మాదే. డబ్బు కావాలంటే డబ్బు. లేదంటే ఆయనే నటించిన మూకీ సినిమా పోస్టర్ కట్టిస్తాం, ముఖం విషయంలో అనుమానం ఉండదు.

ప్లేనో నుంచి ఒకావిడ మాత్రం పటం ఉంచుకుంటానన్నారు, చీటీ ఒక్కటీ మార్చమన్నారు. "బెన్ పికెట్" అని రాసి నిన్న పోస్టు చేశాను.