‘అన్నీ మీ చేతే చేయిస్తాం’ అంటే ఆలోచించండి

సంపాదకులకు,

పేద దేశాల ఆస్పత్రులకు నర్సింగ్ విద్యార్థులను ఇంటర్న్‌షిప్‌కో, స్వచ్ఛంద సేవకో పిలిచే ప్రకటనల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది: ‘కాన్పులు, కుట్లు అన్నీ మీ చేతే చేయిస్తాం.’ వద్దనుకోవడానికి ఆ ఒక్క మాట చాలు. సొంత కాలేజీ వార్డులో సిస్టర్ పక్కన ఉంటే తప్ప ముట్టుకోనివ్వని పనిని అక్కడ ఒంటరిగా చేయనిస్తున్నారంటే, అడిగే నాథుడు లేడన్నమాట.

డబ్బు కట్టకముందే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి అవసరమా, అవసరమైతే ఎవరు తెస్తారు? వీసా ఏ రకం? డ్యూటీలో ఎవరి కింద ఉంటారు? జవాబు మధ్యవర్తి సంస్థ నోటి మాటగా కాదు, ఆస్పత్రి నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకంతో కాగితం మీద రావాలి.

టీకాల దగ్గర చాలామంది ఆలస్యం చేస్తారు. హెపటైటిస్ బి మూడు డోసులు మామూలుగా 0, 1, 6 నెలలకు వేస్తారు. చివరి డోసు అయిన నెలా రెండు నెలలకు, టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీబాడీ పరీక్ష చేయించాలి, ఫలితం మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లకు తగ్గకూడదు. అంటే ఎనిమిది నెలల ముందే మొదలుపెట్టాలి. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజులకు గానీ చెల్లదు.

సూది గుచ్చుకోవడం పెద్ద ప్రమాదం, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయినప్పుడు అది తరచూ జరుగుతుంది. గుచ్చుకున్న చోట పిండకూడదు. సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌చార్జికి చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు వీలైతే కొద్ది గంటల్లోనే, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రాత్రి రెండు గంటలకు ఆ మందులు ఏ బీరువాలో ఉంటాయో, తాళం ఎవరి దగ్గరుంటుందో మొదటి రోజే కనుక్కోండి. ఆస్పత్రిలో లేవంటే మీరే ఒక కోర్సు వెంట తీసుకెళ్లాలి.

ఇక సెలైన్. సెలైన్ వేగాన్ని తామే చూసుకునే పంపులకు అలవాటుపడ్డ చేతులు అక్కడ తడబడతాయి. లీటరు సెలైన్ 8 గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో (సెలైన్ గొట్టంతో) నిమిషానికి సుమారు 42 చుక్కలు. అదే 60 చుక్కల మైక్రో సెట్టయితే 125. ఏ సెట్టో ప్యాకెట్ మీదే ఉంటుంది, చూడకుండా లెక్క కడితే పిల్లల వార్డులో ప్రాణం మీదికొస్తుంది. పైగా రోగి మోచేయి మడిచినా, సీసా ఎత్తు మారినా వేగం మారుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ లెక్కపెట్టాలి. సెకన్ల ముల్లున్న గడియారం తప్పనిసరి.

రెండు వారాల కోసం వెళ్లేవారికి ఒక మాట. గ్లవ్స్ ఎక్కడున్నాయో, రికార్డు ఎలా రాయాలో నేర్పేది అప్పటికే వార్డంతా ఒంటిచేత్తో చూసుకుంటున్న నర్సే. నొప్పి ఎక్కడ, గర్భవతివా, ఏ మందైనా పడదా అని స్థానిక భాషలో అడగడం నేర్చుకుని వెళితే ఆమెకు కొంత ఊరట.

పెట్టెల నిండా మందులు మోసుకెళ్లడం మాత్రం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం అవతలివాళ్లు అడిగినవే ఇవ్వాలి, చేరేనాటికి వాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. గడువు తీరినవాటిని వదిలించుకునే ఖర్చు ఆ ఆస్పత్రి నెత్తినే పడుతుంది.

ఇట్లు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు