స్తంభం కింద ఒక్క ఫోన్‌తో పెట్టే పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

మా కాలనీ పార్కులో ఈమధ్య ఉచిత వైఫై పెట్టారు. గేటు పక్కన దీపస్తంభానికి తెల్లటి డబ్బా బిగించి, రిబ్బన్ కట్ చేసి, స్వీట్లు పంచారు. వచ్చిన పెద్దమనిషి ఆ స్తంభం కిందే నిలబడి తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ కొట్టారు. 94 ఎంబీపీఎస్ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ స్క్రీన్‌షాట్ మా వాట్సాప్ గ్రూపులో ఇంకా తిరుగుతూనే ఉంది.

నేను పదేళ్లుగా ఫంక్షన్ హాళ్లకు, హాస్టళ్లకు వైఫై బిగించే పని చేస్తున్నాను. అందుకే ఆ 94 నాకు పెద్దగా ఆనలేదు. పొద్దున ఏడింటికి, ఖాళీ పార్కులో, ఖరీదైన ఫోన్ పట్టుకుని స్తంభం కింద నిలబడితే ఏ డబ్బా అయినా పాసవుతుంది. సాయంత్రం ఆరింటికి సంగతేంటి?

ఆ అనుమానంతోనే ఒక ఆదివారం సాయంత్రం మా వీధిలో 12 ఫోన్లు పోగేశాను. మా అబ్బాయి కొత్త ఫోన్ మొదలుకొని, మా వాచ్‌మన్ దగ్గరున్న గాజు పగిలిన పాత ఫోన్ దాకా అన్ని రకాలూ ఉన్నాయి. నాలుగు స్తంభం దగ్గర, అయిదు వేపచెట్ల కింద బెంచీల మీద, మూడు వాకింగ్ ట్రాక్ అవతలి చివర. ముందు ఒక్కో చోట ఒక్కో ఫోన్‌తో చూశాం. స్తంభం దగ్గర 90, బెంచీ దగ్గర 38, ట్రాక్ చివర 6 వచ్చాయి. తర్వాత పన్నెండింట్లోనూ ఒకే పెద్ద ఫైలు ఒకేసారి డౌన్‌లోడ్ పెట్టించాను. ఏ ఫోన్‌కూ ఒకటిన్నర ఎంబీపీఎస్ దాటలేదు. స్తంభాన్ని ఆనుకుని కూర్చున్న మా అబ్బాయికీ అంతే.

అసలు విషయం ఆ తర్వాతే తెలిసింది. ట్రాక్ చివరున్న మూడు ఫోన్లలో వైఫై ఆపేయమన్నాను. ఆపీ ఆపగానే మిగతా తొమ్మిదింటికీ స్పీడ్ అయిదు దాకా లేచింది. వైఫైలో ఒక చానెల్ మీద, అంటే సిగ్నల్ వెళ్లే ఒక రేడియో దారిలో, ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. దూరంగా ఉన్న ఫోన్‌కు సిగ్నల్ బలహీనంగా అందుతుంది కాబట్టి డబ్బా దానికి మెల్లగా, విడమరచి చెప్పాలి. అది అయ్యేదాకా మిగతావాళ్లు ఆగాల్సిందే. మీసేవ కౌంటర్ దగ్గర ముందున్నాయన సంచిలో కాగితాలు వెతుక్కుంటుంటే వెనక లైనంతా నిలబడ్డట్టు.

పవర్ పెంచితే సరిపోతుంది కదా అని మా అసోసియేషన్ మీటింగ్‌లో ఒకాయన అడిగారు. సరిపోదు. వైఫై వాడే రేడియో బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్ల దాకా మన దేశంలో లైసెన్సు లేకుండానే వాడుకోవచ్చు. ఫోన్ రేడియోకేమో వాట్‌లో పదో వంతు పంపడమే ఎక్కువ. డబ్బా మాట ఫోన్‌కు వినిపిస్తుంది, ఫోన్ మాట డబ్బాకు వినపడదు. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉండి నెట్ రాకపోవడం చాలాసార్లు ఇందుకే. మొన్న గేటు దగ్గర ఒక అమ్మాయి ఫోన్‌ను తలకన్నా ఎత్తులో పట్టుకుని, హాల్ టికెట్ పీడీఎఫ్ కోసం మునివేళ్ల మీద నిలబడి కనిపించింది. గీతలు మాత్రం నాలుగుకు నాలుగూ ఉన్నాయి.

టెండర్లో వైఫై 6 అనే కొత్త తరం వైఫై రాశామని కూడా చెబుతున్నారు. మంచిదే. ఒకేసారి చాలామందికి పంచడంలో అది నిజంగా మెరుగు. కానీ అవతలి ఫోన్‌లోనూ అది ఉండాలి కదా! పార్కులో ఉచిత నెట్ మీద ఆధారపడేది గ్రూప్స్‌కు చదువుకునే హాస్టల్ పిల్లలు, రీచార్జ్ అయిపోయిన పనివాళ్లు. వాళ్ల చేతుల్లో ఉండేవి ఎక్కువగా పాత ఫోన్లు.

ఒకసారి ఒక హాస్టల్ మేడ మీద రెండు కంపెనీల డబ్బాలను ఒకే చోట, ఒకే లైన్ మీద మార్చి మార్చి పెట్టి చూశాను. ఒక్క ఫోన్‌తో చూస్తే ఖరీదైనది గెలిచింది. 15 ఫోన్లు కలిశాక చవకదే ముందుంది. మెల్లగా ఉన్న ఫోన్‌కు కూడా సమయం సమానంగానే పంచే సెట్టింగ్ అందులో ఆన్‌లో ఉంది, మొదటి దాంట్లో లేదు. ఒక్క ఫోన్‌తో సరిపెట్టుకుని ఉంటే నేను కూడా తప్పుడు సరుకే కొనిపించేవాణ్ని.

హైదరాబాద్‌కు పబ్లిక్ వైఫై కొత్త కాదు. 2017లో హై-ఫై పేరుతో నగరంలో వందల చోట్ల పెట్టారు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకం కింద కిరాణా కొట్టువాడు, టీ కొట్టువాడు కూడా లైసెన్సు ఫీజు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. ఎక్కడ చూసినా చెప్పేది ఎన్ని చోట్ల పెట్టామన్న లెక్కే. పెట్టిన చోట ఒకేసారి ఎంతమందికి పనిచేస్తోందన్నది ఎవరూ బోర్డు మీద రాయరు.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. డబ్బాలు కొనేముందు, బిల్లు చెల్లించేముందు, సాయంత్రం ఆరు ఏడు మధ్య ఒక 20 ఫోన్లతో చూడండి. అందులో సగం పాతవి ఉండాలి. చెట్ల కింద, చివరి బెంచీ దగ్గర కూడా నిలబడాలి. అన్నింటికన్నా వెనకబడ్డ ఫోన్‌కు ఎంత వచ్చిందో ఆ అంకె రాయండి, పైదాన్ని కాదు. మా పార్కుకైతే గేటు దగ్గర ఒక్క పెద్ద డబ్బా బదులు మూడు చిన్నవి, కాస్త కిందికి, ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11 చానెళ్ల మీద పెడితే చాలా వరకు బాగుపడుతుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను కూడా 2018లోనే ఆరుబయట వాడకానికి తెరిచారు, దాన్నీ వాడుకోవచ్చు.

సంబంధిత అధికారులు ఏ సాయంత్రం వస్తామన్నా సరే, ఫోన్లు మేమే తెస్తాం. మా వాచ్‌మన్ ఫోన్‌కు చార్జింగ్ నిలవదు, దానికి పవర్ బ్యాంక్ కూడా తెస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్