సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: వైద్య విద్యార్థుల ఆరోగ్య సమానత్వ సదస్సు, ఇతర కార్యక్రమాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేపట్టిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు. బోనాలు, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. మూడో వీధి మురుగు కాలువలో పూడిక తీయించాం. పార్కులో నడక దారి బాగుపడింది. వీధి కుక్కల గురించి ఇచ్చిన అర్జీలో ఇంకా కదలిక లేదు. ఈ పనుల గురించి ఇంతకు మించి చెప్పాల్సింది లేదు కనుక, ఈ ఏడాది ఎక్కువ చర్చకు, కొంత రగడకు కూడా కారణమైన సదస్సు గురించే వివరంగా రాస్తున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మన కమ్యూనిటీ హాల్లో వైద్య విద్యార్థులు ఆరోగ్య సమానత్వం మీద, అంటే పేదా గొప్పా తేడా లేకుండా వైద్యం అందరికీ అందడం మీద, సదస్సు పెట్టారు. హైదరాబాద్ నగరంలోని వేర్వేరు కళాశాలల్లో ఎంబీబీఎస్ చదువుతున్నవాళ్లు, కొందరు హౌస్ సర్జన్లు కలిసి నడిపారు. హాలు అద్దె లేకుండా ఇస్తే చాలు, మిగతాదంతా మేమే చూసుకుంటామన్నారు. ముఖ్య అతిథి వద్దన్నారు, జ్యోతి ప్రజ్వలన వద్దన్నారు, చివరికి వేదిక మీద కుర్చీలు కూడా వద్దన్నారు. కార్యవర్గంలో పెద్దవాళ్లకు ఇది మింగుడుపడలేదు. ముందే కొనిపెట్టిన శాలువాలు ఆఫీసు గది బీరువాలో భద్రంగా ఉన్నాయి, ఉగాది సన్మానాలకు పనికొస్తాయి. ఉదయం పదింటికి మొదలుపెడదామని మేమంటే మధ్యాహ్నం మూడు అని పట్టుబట్టారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు చేతులు ఖాళీ అయ్యేది అప్పుడేనట. వాళ్లు రాకపోతే ఈ సదస్సు ఎవరి కోసమని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

మొదట ఒక విద్యార్థి నగర చరిత్రతో మొదలుపెట్టాడు. 1846లోనే ఇక్కడ వైద్య పాఠశాల వెలిసింది. ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. మనమంతా ఫీవర్ ఆసుపత్రి అని పిలిచే నల్లకుంట దవాఖానాకు ఉన్నది ఆయన పేరే. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఇంత చరిత్ర, ఇన్ని పెద్దాసుపత్రులు ఉన్న నగరంలో జబ్బు ముదిరాక వచ్చేవాళ్లు ఇంతమంది ఎందుకున్నారన్నది అతని ప్రశ్న.

దానికి నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్న అమ్మాయి బదులిచ్చింది. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువగా అందుతుందని 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వేల్స్ డాక్టరు రాశారట. 'మా ఊళ్లో దీనికి డాక్టరు చెప్పక్కర్లేదు, కాలువ చివరి ఆయకట్టు రైతును అడిగితే చాలు' అన్నదా అమ్మాయి. వెనక వరుసల్లో నవ్వులు, ఆ వెంటనే చప్పట్లు.

అసలు సదస్సు ఆ తర్వాతే మొదలైందని నా అభిప్రాయం. మైకు మన ఇళ్లలో పనిచేసే ఒకావిడ చేతికిచ్చారు. ఆవిడ కొంగుముడి విప్పి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల మడతలు నలిగిపోయిన ఓపీ చీటీలు, ఒక్కోటి ఒక్కో తేదీది. షుగరు ఉందని తెలిసి చాలా కాలమైంది. మాత్రలు ఉచితమే, పేదల వాడల్లో ప్రభుత్వం నడిపే బస్తీ దవాఖానాలో ఇస్తారనీ తెలుసు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు కూడా ఉచితమే. 'దవాఖానా తెరిచి ఉండేది నేను మీ ఇళ్లలో అంట్లు తోమే వేళకే కదమ్మా' అంది ముందు వరుస వైపు చూస్తూ. పెద్దాసుపత్రికి రాస్తే పరీక్షకు ఒక పూట, రిపోర్టుకు ఇంకో పూట. రెండు పూటలకూ జీతం కోత. ముందు వరుసలో కూర్చున్నది మనమే.

విద్యార్థులు బోర్డు మీద ఒక పట్టిక గీసి, ఉచిత వైద్యానికి ఎవరు ఏం చెల్లిస్తున్నారో అక్కడున్నవాళ్లనే చెప్పమన్నారు. పోయిన కూలి, తోడు వచ్చిన మనిషి కూలి, మగవాళ్ల బస్సు ఛార్జీలు, పిల్లల్ని చూసుకున్న పక్కింటివాళ్లకు ఇచ్చుకున్నది, ఇలా బోర్డు నిండింది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో అయిదు లక్షల నుంచి పది లక్షల రూపాయలకు పెరిగిన మాట నిజం. అది అక్కరకొచ్చేది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాక. చేరకుండా చూసుకోవడానికి కావలసిన పూటలు ఏ కార్డూ ఇవ్వదు.

టీబీ మీద జరిగిన చర్చ కూడా చెప్పుకోదగ్గదే. రోగికి పోషకాహారం కోసం కేంద్రం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలయింది. అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఒడిశా నుంచి వచ్చి కట్టడం పనుల్లో ఉన్నవాళ్లకు ఖాతా ఒకచోట, మనిషి ఒకచోట. మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండో నెలకే ఒంట్లో నెమ్మదించినట్టు ఉంటుంది, ఈలోగా మేస్త్రీ ఇంకో సైటుకు తీసుకుపోతాడు. ఒక ఆశా కార్యకర్త ఇదంతా చెబుతుంటే విద్యార్థులు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఉర్దూ, హిందీ, ఒడియా వచ్చినవాళ్లు పక్కన కూర్చుని అప్పటికప్పుడు తర్జుమా చేసి చెప్పారు.

లోటుపాట్లూ ఉన్నాయి. తెరమీద బొమ్మలు మరీ ఎక్కువయ్యాయి. బస్తీ దవాఖానాల తరఫున మాట్లాడే మనిషి లేకపోయారు. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలితో నడిచే చోట వాళ్ల ఇబ్బందులూ వినాల్సింది. మానసిక ఆరోగ్యం ఊసే రాలేదు.

సదస్సు ముగిశాక విద్యార్థులు మన కార్యవర్గానికి ఒక్కటే విన్నపం ఇచ్చారు. ఇంటి పనివారికి, వాచ్‌మన్లకు ఆసుపత్రికి వెళ్లిన రోజు జీతం కోయకూడదు, నెలకు ఒక రోజు వరకు. మార్చి సమావేశంలో దీనిమీద వాదన వేడెక్కింది. మన ఇళ్ల సంగతి వాళ్లకెందుకని ఒకరు, అందరూ ఇదే సాకుగా మానేస్తారని ఇంకొకరు అన్నారు. చీటీ చూపించాలన్న సవరణ వచ్చింది. ఆసుపత్రి చీటీలు దాచుకునే అలవాటు మనకంటే వాళ్లకే ఎక్కువని మహిళా విభాగం కన్వీనర్ గారు అనడంతో సవరణ వీగిపోయింది, తీర్మానం నెగ్గింది. దీన్ని పాటించమని ఎవరినీ బలవంతపెట్టే అధికారం సంఘానికి లేదు. ఇప్పటికి కొన్ని ఇళ్లే పాటిస్తున్నాయి.

నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం హాల్లో బీపీ, షుగరు పరీక్షలకు కూడా ఒప్పుకున్నాం. విద్యార్థులు తాము ఇంకా డాక్టర్లం కామని, మందులు రాసివ్వబోమని ముందే స్పష్టం చేశారు. వాళ్ల అధ్యాపకులొకరు దగ్గరుండి చూస్తారు. ఎక్కువ ఉన్నవాళ్లను బస్తీ దవాఖానాకు పంపి, వెళ్లారో లేదో ఫోను చేసి కనుక్కోవడం విద్యార్థుల బాధ్యత. హాలు తాళం, మంచినీళ్లు, కుర్చీలు మన బాధ్యత. పరీక్షల కాలంలో వాళ్లు రాలేరు కాబట్టి ఆ నెలలకు మన కాలనీలో ఉన్న రిటైర్డ్ నర్సులు ఎవరైనా ముందుకొస్తే సంఘం ఆఫీసులో పేరు ఇవ్వగలరు. నెల చందా బాకీ ఉన్న సభ్యులు జూన్ లోగా చెల్లించాలని కోశాధికారి గారి మనవి.

ఇట్లు,
కార్యదర్శి