సోడియం బ్యాటరీ మన్నికా చూడాలి
సోడియం-అయాన్ బ్యాటరీలు చౌకన్న ప్రచారమే తప్ప, వాటి ఆయుష్షును తేల్చే ఆనోడ్ (ఛార్జింగ్‌లో సోడియంను తనలో నిలవ చేసుకునే రుణ ధ్రువం) ఊసు వార్తల్లో కనిపించడం లేదు. లిథియంకు పనికొచ్చే గ్రాఫైట్‌లో సోడియం తగినంతగా ఇమడదు; తగరం వాడితే ఛార్జింగ్‌లో నాలుగు రెట్లకు మించి ఉబ్బి, పగిలి రాలిపోతుంది. తగరం రేణువులను నానో పరిమాణానికి తగ్గించి కర్బనంలో పొదిగితే ఆ ఉబ్బు తెచ్చే ఒత్తిడి తగ్గుతుంది గానీ, ఉపరితలం పెరిగినకొద్దీ తొలి ఛార్జింగ్‌లోనే కొంత సోడియం వృథా అవుతుంది కనుక ‘నానో’ అన్న ముద్ర చూసి మురిసిపోనక్కర్లేదు. మద్దిలపాలెంలో ఈ-ఆటో నడిపేవారు బ్యాటరీ ఖరీదు కన్నా ముందు అడిగేది ‘ఎన్నేళ్లొస్తుంది’ అనే. కొబ్బరి చిప్పలను గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి కాలిస్తే ఈ ఆనోడ్లకు కావలసిన, సోడియం ఇమిడే ‘హార్డ్ కార్బన్’ అనే కర్బనం వస్తుంది. సింహాచలంలో చిప్పలకు కొదవ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ పని చేపట్టి, మన ఉక్కపోతలోనే ఆటోలపై పరీక్షించి, ఎన్ని ఛార్జింగ్‌లకు ఎంత సామర్థ్యం మిగిలిందో బహిరంగంగా ప్రకటించేలా ప్రభుత్వం నిధులివ్వాలి; రాయితీలను ఆ ఫలితాలకే ముడిపెట్టాలి.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం