నాన్న మాటలు మనసులో పెట్టుకోకు

విల్లివాక్కం, చెన్నై

బుజ్జీ,

ఆదివారం ఫోన్లో నాన్న నిన్ను కసురుకున్నారని రాత్రంతా ఏడ్చావట, అల్లుడుగారు చెప్పారు. అది ఆయన మనసులోంచి వచ్చిన మాట కాదు తల్లీ. జబ్బు పలికించిన మాట.

తిన్నదాంట్లోంచి పేగుల్లో అమ్మోనియా పుడుతుంది. లివర్ బాగుంటే దాన్ని యూరియాగా మార్చేస్తుంది, మూత్రంలో పోతుంది. నాన్నకి సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు, ముదిరింది కదా, లివర్ ఆ పని సరిగా చెయ్యలేకపోతోంది. పైగా పేగుల నుంచి వచ్చే రక్తం కొంత లివర్లోకి వెళ్లకుండానే ఒంట్లో కలిసిపోతోంది. ఆ అమ్మోనియా మెదడుకు చేరి అక్కడి కణాలు ఉబ్బుతాయి. దీన్ని హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ అంటారు. పగలు మగత, రాత్రి మెలకువ, చేతులు చాపితే మణికట్ల దగ్గర వణుకు, ఊరికే చిరాకు, అన్నీ దాని లక్షణాలే.

ఈసారి దీన్ని తెచ్చింది మలబద్ధకం. ఇన్ఫెక్షన్, కడుపులో రక్తస్రావం, నిద్రమాత్రలు కూడా తెస్తాయి. విరేచనం సాఫీగా అవ్వడానికిచ్చిన లాక్టులోజ్ సిరప్ వెగటుగా ఉందని నాన్న మానేశారు. రోజుకి 2, 3 సార్లు మెత్తగా విరేచనం అవ్వాలి. అంతకు మించి నీళ్లలా అయినా మంచిది కాదు, ఒంట్లో నీరు తగ్గి మళ్లీ ఇదే వస్తుంది.

పక్కింటి మామి ప్రేమకొద్దీ పప్పు మానేసి రసం అన్నమే పెట్టమంటోంది. నేను ఒప్పుకోను. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే చెప్పేవారు. ఇప్పుడు రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలంటున్నారు, ఎందుకంటే అమ్మోనియాని కొంత కండలు కూడా పీల్చుకుంటాయి. కండ కరిగితే ఆ దారీ పోతుంది. ఆయన చేతులు ఎంత సన్నబడ్డాయో చూస్తే నీకే తెలుస్తుంది.

లివర్లో చక్కెర నిల్వ తగ్గిపోయింది కాబట్టి ఖాళీ కడుపుతో తెల్లారనివ్వకూడదు. పడుకునే ముందు పాలో, ఇడ్లీయో తప్పకుండా పెట్టాలి. నువ్వు వచ్చి ఉన్నప్పుడు మాట తడబడితే ముందు షుగర్ చూడు, అది తగ్గినా అలాగే ఉంటుంది. లేపినా లేవకపోతే, నల్లగా విరేచనమైతే, రక్తం వాంతి అయితే ఇంకెవరినీ అడగకు, 108కి ఫోన్ చెయ్యి.

ఈ మగతలో నాన్న బండి నడపకుండా స్కూటర్ తాళం బియ్యం డబ్బాలో దాచాను. బతిమాలినా ఇవ్వకు, తమ్ముడికీ చెప్పు.

అమ్మ