‘పొద్దున్నే వచ్చిన చేప’ అంటే చాలదు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మా చిన్న మనవడి స్నేహితుడి పుట్టినరోజు విందుకు విశాఖ బీచ్ రోడ్డు వైపున్న ఒక హోటల్‌కు వెళ్లాం. పిల్లాడికి మూడేళ్లు నిండాయి. కేకు కోశాక బల్ల మీదికి సుషీ పళ్లెం వచ్చింది. చిన్న చిన్న అన్నం ముద్దలు, వాటి మీద నారింజ రంగు సాల్మన్, ముదురెరుపు ట్యూనా. నిప్పు చూడని చేప. ఒకావిడ సరదాగా ఒక ముక్క తీసి పిల్లాడి నోటికి అందించింది. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీశారు. నేను వద్దనబోతే, “ఏమీ కాదు అంకుల్, జపాన్‌లో పిల్లలు ఇదే తింటారు” అన్నారు. వడ్డించే కుర్రాడిని పిలిచి, ఈ చేపను ఎన్ని డిగ్రీల చలిలో ఎన్ని రోజులు గడ్డకట్టించారని అడిగాను. లోపలికి వెళ్లి వచ్చి, “ఫ్రెష్ సార్, పొద్దున్నే వచ్చింది” అన్నాడు, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

నాకు భయం వేసింది ఆ జవాబుకే. రొయ్యలు, చేపలు ఎగుమతి చేసే ప్లాంటులో నాణ్యత విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని. చేప ఎంత మంచిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మన ఊళ్లో చేపకు ఒకటే పరీక్ష, తాజాదనం. ఫిషింగ్ హార్బరులో మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాం, కన్ను చూస్తాం, వేలితో నొక్కితే పడిన గుంట మళ్లీ లేస్తోందా అని చూస్తాం. ఎండుచేప కానిదంతా మనకు పచ్చిచేపే. తాజాదానికీ, ఉడకనిదానికీ మన నోట మాట ఒక్కటే కావడంతో రెండూ కలిసిపోయాయి. పులుసులో వేసే చేపకు ఆ పరీక్ష చాలు, మిగతా పని పొయ్యి చూసుకుంటుంది. పొయ్యి ఎక్కని చేపకు అది చాలదు. చేప తాజాగా ఉంటే అందులోని పురుగూ ప్రాణంతోనే ఉంటుంది.

ఆ పురుగు పేరు అనిసాకిస్. సముద్రపు చేప పొట్ట చీల్చినప్పుడు పేగుల మీద, కాలేయం మీద గడియారం స్ప్రింగులా చుట్టుకుని పడుకుని ఉంటుంది. సూదితో విప్పి చాపితే రెండు సెంటీమీటర్ల తెల్లదారం. చేప చచ్చాక పొట్ట శుభ్రం చేయడం ఆలస్యమైతే అక్కడి నుంచి కండలోకి దూరుతుంది. బతికుండగా మనిషి కడుపులోకి వెళితే జీర్ణాశయం గోడను పట్టుకుంటుంది. మెలిపెట్టే నొప్పి, వాంతులు. ఒక్కోసారి ఎండోస్కోపీతో లాగాల్సిందే. నిమ్మరసం, వెనిగర్, సుషీతో పాటు ఇచ్చే ఆ ఘాటైన వాసాబి ముద్ద, ఇవేవీ దాన్ని చంపుతాయని నమ్మడానికి లేదు. చంపేవి వేడి, గడ్డకట్టించే చలి. వేడి అంటే ముక్క నడిమధ్యకు 63 డిగ్రీలు అందాలి. చలి అంటే, అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్క ప్రకారం, మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు, లేదా మైనస్ 35లో గడ్డకట్టాక అదే చలిలో 15 గంటలు. ఇంట్లో ఫ్రీజరు మైనస్ 18 అందుకుంటేనే గొప్ప. ఇక కరెంటు సంగతి. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత ఫ్రిజ్ తలుపు తెరిస్తే వచ్చిన వాసన ఈ ఊరివాళ్లకు గుర్తుండే ఉంటుంది.

గుళికల మేతతో పెంచిన సాల్మన్‌లో ఈ పురుగుల బెడద చాలా తక్కువన్నది నిజమే. కానీ గండం పురుగుతో తీరదు. గడ్డకట్టించడం వల్ల బాక్టీరియా చావదు, నిద్రపోతుంది. లిస్టీరియా అనే బాక్టీరియా అయితే మామూలు ఫ్రిజ్ చలిలోనే పెరుగుతుంది. విబ్రియో పారాహీమోలిటికస్ అనేది మన సముద్రం లాంటి వెచ్చటి నీటిలో హాయిగా బతికే మరో బాక్టీరియా. దాన్ని మొదట పట్టుకున్నది జపాన్‌లోనే, 1950లో ఒసాకాలో చిన్న చేపలు తిని జనం జబ్బుపడినప్పుడు. పెద్దవాళ్లు రెండు రోజులు మంచం పట్టి లేస్తారు. పన్నెండు కిలోల పిల్లాడి ఒంట్లో నీరు ఒక్క పూటలో హరించుకుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో ఐదేళ్లలోపు పిల్లలు 9 శాతమే, కలుషితాహారం వల్ల చనిపోయేవారిలో మాత్రం దాదాపు 30 శాతం.

జపాన్ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. అక్కడ కూడా చంటిపిల్లలకు పచ్చిచేప పెట్టరు. సాధారణంగా మూడేళ్లు దాటాక, కొద్దికొద్దిగా మొదలుపెడతారు. చేప కోసే చేతికీ, కత్తికీ, చలికీ అక్కడ తరాల క్రమశిక్షణ ఉంది. అది లేని చోట ఐదేళ్ల దాకా వద్దే వద్దంటాను. చాలామంది పిల్లల డాక్టర్లు చెప్పే గీత కూడా అదే. అలాగని ఐదో పుట్టినరోజున రక్షరేకు ఏమీ కట్టరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు, సరిగ్గా గడ్డకట్టించిన సముద్రపు చేప ఒకటి రెండు ముక్కలు, అంతే. పచ్చి గుల్లలు, ఆల్చిప్పలు పిల్లలకు ఏ వయసులోనూ పెట్టకండి. చెరువు చేప, ఏటి చేప పచ్చిగా పెద్దలూ ముట్టకూడదు. ఈశాన్య థాయిలాండ్‌లో ఆ అలవాటు వల్లే కాలేయంలో పురుగులు చేరి, పైత్యనాళాల కేన్సర్ దాకా వెళ్లింది.

ఇది చదివి పిల్లలకు చేపే మానేస్తారేమో, అదీ పొరపాటే. ఆరు నెలలు నిండిన బిడ్డకు బాగా ఉడికిన చేప పెట్టవచ్చు. మా అమ్మ చందువ ముక్కను అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో పొరపొరగా నలిపి, ముల్లు తగలదని తేలాకే అన్నంలో కలిపేది. వేలి కొసతో చూసేది గానీ కంటిని నమ్మేది కాదు.

నేను కోరేది పెద్ద పనేమీ కాదు. పచ్చిచేప వడ్డించే హోటళ్లు మెనూలో ‘ఉడికించనిది’ అని తెలుగులో రాయాలి, చిన్నపిల్లలకు తగదని పక్కనే చెప్పాలి. చేపను ఏ తేదీన, ఎంత చలిలో పెట్టారో రాసిన పుస్తకం అడిగినవాళ్లకు చూపాలి. ఆహార భద్రతా అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ముందుగా ఆ పుస్తకమే తీయించాలి. వంటవాళ్లకు నేర్పడానికి మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ కేంద్రం మన ఊళ్లోనే ఉంది. మా ప్లాంటు నుంచి విదేశాలకు వెళ్లే ప్రతి సరుకు వెంటా ఉష్ణోగ్రతల కాగితం ఉండేది. ఈ ఊరి పిల్లాడి పళ్లెంలోకి వచ్చే చేపకు “పొద్దున్నే వచ్చింది” అన్న మాట తప్ప ఏమీ లేదు.

మా పెద్ద మనవరాలికి ఏడేళ్లు. తనకూ సుషీ కావాలని ఆ రోజు నుంచీ ఒకటే గొడవ. ఆ పుస్తకం చూపించే హోటల్ ఏదైనా ఉంటే చెప్పండి, నేనే మనవరాలిని తీసుకెళ్లి కొనిపెడతాను.

— ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం